చెవిలో పువ్వుకూ ఒక బెజ్జం

పూర్వం చెవిలో పువ్వు పెట్టించుకోవడం బొత్తిగా ఖర్చులేని పని. పువ్వు కూడా పెట్టినవాడే తెచ్చేవాడు. ఇప్పుడు ఆ పువ్వు పేరు ఇయర్‌ఫోన్, దాన్ని మనమే కొనాలి, చెవిలో దూరే మెత్తటి తొడుగు, అంటే టిప్, చెవికి సరిపడే సైజుది మనమే వెతుక్కోవాలి, సందు లేకుండా మనమే బిగించుకోవాలి. అంత బిగించాక, లోపల గాలి ఆడటం లేదు కాబట్టి అందులో ఒక బెజ్జం కూడా కొనుక్కోవాలి. ఈ బెజ్జం ఎవరిది, దాని పేరేమిటి అన్న విషయమై అమెరికాలో పదేళ్ళకు పైగా సాగుతున్న పోటీని మన పత్రికలు పట్టించుకోకపోవడం శోచనీయం.

సమస్య తీవ్రత ముందు చెప్పాలి. ఇన్-ఇయర్ మానిటర్ (చెవి గొట్టాన్ని మూసేసే ఇయర్‌ఫోన్) బిగించాక టిప్‌కీ కర్ణభేరికీ మధ్య చిక్కే గాలి సుమారు ఒక ఘన సెంటీమీటరు. చెవులు పగిలే 120 డెసిబెల్స్ సంగీతం వినిపించినా ఆ గాలిలో ఊగే పీడనం 20 పాస్కల్స్. వెయిట్ లేచి విజిల్ వేసే కుక్కర్లో బయటికన్నా దాదాపు లక్ష పాస్కల్స్ ఎక్కువుంటాయి. అంటే కుక్కర్లో అయిదువేలో వంతు. పప్పు ఉడకదు.

మరి చెవి నొక్కుకుపోయినట్టు ఎందుకుంటుంది? నేరస్థుడు చూపుడువేలు. చెవి గొట్టం వ్యాసం 7 మిల్లీమీటర్లు అనుకుంటే, సీల్ పడ్డాక టిప్‌ను ఇంకో పావు మిల్లీమీటరు తోస్తే లోపలి గాలి ఒక శాతం నలుగుతుంది. ఒక శాతం అంటే వెయ్యి పాస్కల్స్. కర్ణభేరి కాస్త ఒదిగితే అంతకు కొంచెం తక్కువ. పెద్ద పెద్ద స్పీకర్లు చేయలేని పనిని ఒక వేలు చేసిపెట్టింది. కానీ వేలికి మార్కెటింగ్ విభాగం లేదు.

ఆ లోటును 2011లో ఏసియస్ టెక్నాలజీస్ తీర్చింది. వేదిక మీద పాడేవాళ్ళకు చెవి మానిటర్లు చేయడంలో పాతకాపు స్టీఫెన్ ఆంబ్రోస్, సహచరులతో కలిసి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. మూసిన చెవిలో కింది స్థాయి శబ్దాలు, అంటే బేస్, బయట విన్నదానికంటే 50 డెసిబెల్స్ దాకా పెరగవచ్చు, కర్ణభేరి మామూలుకన్నా 100 నుంచి 1000 రెట్లు ఎక్కువ ఊగవచ్చు, దాంతో మధ్యచెవి కండరం బిగుసుకుని చెవి అలసిపోతుంది అన్నది సారాంశం. మందు కూడా అందులోనే ఉంది: పలచని పొర కప్పిన ఒక బెజ్జం. అది 20 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుందట. భౌతికశాస్త్రానికి ఇందులో అభ్యంతరం లేదు. కాకపోతే మూసిన చెవిలో బేస్ పెరగడం రోగం కాదు, శబ్దం పుట్టించే గోరంత డ్రైవర్‌కి అదే జీవనాధారం. పైగా ఎక్కువైతే మనిషి వాల్యూమ్ తగ్గించుకుంటాడు. ఈ తగ్గించుకునే అలవాటు వల్ల ఎన్ని ఆవిష్కరణలు అన్యాయమైపోతున్నాయో!

ఆ పొరకు అడెల్ అని పేరు పెట్టారు, రెండో కర్ణభేరి అన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌కు చెందిన 1964 ఇయర్స్ దాన్ని తన మానిటర్లలో బిగించింది, కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో జనం డబ్బు పోశారు. కొన్నాళ్ళకే ఏసియస్‌తో కాపురం విడిపోయింది. అప్పటికే 64 ఆడియోగా పేరు మార్చుకున్న కంపెనీ అపెక్స్ అనే సొంత మాడ్యూల్ (ఊడదీసి మార్చుకునే బెజ్జపు బిళ్ళ) దించింది. బట్టతల మీద బొట్టుబిళ్ళలా షెల్ బయటి ముఖాన అదే గుండ్రటి బిళ్ళ. పాత అడెల్ మానిటర్లలో కూడా కొత్త బిళ్ళ పడుతుంది. విడాకులిచ్చినా తాళంచెవి అదే అన్నమాట. తర్వాత అదే కంపెనీ నుంచి బయటికొచ్చినవాళ్ళు ఫిర్ ఆడియో పెట్టి, తమ బెజ్జానికి ఆటమ్ అని నామకరణం చేశారు. ఇన్ని పేర్లు పెట్టించుకున్న బెజ్జం వడకీ లేదు, మురుక్కీ లేదు.

బెజ్జం చేసే పని మాత్రం అన్ని ఇళ్ళలోనూ ఒకటే. నెమ్మదిగా మారే పీడనం బయటికి జారిపోతుంది. సెకనుకు వేలసార్లు ఊగేది ఆ ఇరుకులోంచి దూరే లోపే దిశ మార్చుకుని వెనక్కి పోతుంది. కనుక గాలితోపాటు జారేది బేస్. బెజ్జానికి తలుపుకాపరి లేడు, బయటి మోత కూడా అందులోంచే వస్తుంది. అపెక్స్‌లో ఎమ్20 బయటి శబ్దాన్ని 20 డెసిబెల్స్, ఎమ్15 అయితే 15 డెసిబెల్స్ ఆపుతుందని కంపెనీ లెక్క. ఎమ్15 పెడితే చెవి తేలిగ్గా ఉంటుంది, బేస్ పలచబడుతుంది, ఆర్టీసీ బస్సు ఇంజన్ మీ ప్లేలిస్టులో చేరుతుంది. అప్పుడు వాల్యూమ్ పెంచుతారు. చెవి అలసట తగ్గించే సాంకేతికత ఆ విధంగా విజయవంతమవుతుంది.

64 ఆడియో వారి యూ12టీ మానిటర్ 2018లో వచ్చినప్పుడు ధర 1,999 డాలర్లు. పన్నెండు డ్రైవర్లతో పాటు బెజ్జాలూ పెట్టెలోనే ఇస్తారు. ఇక పదిహేను వందల రూపాయల డైనమిక్ డ్రైవర్ (పొర ఊగి శబ్దం చేసే రకం) ఇయర్‌ఫోన్ తీసుకుని నాజిల్, అంటే టిప్ తొడిగే గొట్టం, మొదట్లో వెతకండి. సూదిమొనంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. పేరు లేదు కాబట్టి ధరా లేదు. దానిమీద చిన్న టేపు ముక్క అంటించి చెవిలో పెట్టుకుంటే డ్రైవర్ పొర నలిగి కరకరమంటుంది, బేస్ ఉబ్బుతుంది, చెవి బరువెక్కుతుంది. టేపు పీకేస్తే మూడూ పోతాయి. కొన్నిటిలో వెనకవైపు ఇంకో రంధ్రం ఉంటుంది. అది మూస్తే ఫలితం తిరగబడి బేస్ తగ్గుతుంది. ఈ ప్రయోగానికి కిక్‌స్టార్టర్ అక్కర్లేదు.

బెజ్జం నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది, దాన్ని కంపెనీలు పెద్దగా చెప్పుకోవు. తిరుపతి నుంచి తిరుమల ఘాట్ ఎక్కితే ఏడు వందల మీటర్ల ఎత్తుకి దాదాపు 8 వేల పాస్కల్స్ తేడా వస్తుంది. గుటక మింగితే మధ్యచెవి సర్దుకుంటుంది. కానీ టిప్ వెనక చిక్కిన గాలి గుటక అధికార పరిధిలోకి రాదు, దానికి వేరే ద్వారం కావాలి. బెజ్జం లేనివాళ్ళు రెండు మలుపులకొకసారి టిప్ కాస్త వదులు చేసి మళ్ళీ పెట్టుకుంటే చాలు. పెట్టేటప్పుడు రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, నోరు తెరిచి, మెల్లగా తిప్పుతూ దించాలి. నోరు తెరిస్తే చెవి గొట్టం ఆకారం మారి గాలి పక్కనుంచి తప్పుకుంటుంది. గాయకుల కస్టమ్ మానిటర్లకు నోరు తెరిపించి అచ్చు తీయడం ఇందుకే. నోరు మూసి తీస్తే పల్లవి ఎత్తుకోగానే సీల్ ఊడి బేస్ పోతుంది. వేయించిన పల్లీలు నములుతూ పాటలు వినేవాడికి పీడన విడుదల వ్యవస్థ దవడలోనే ఉంది. దీనికింకా ఎవరూ పేరు పెట్టలేదు.

వాల్యూమ్ సంగతి రెండు ముక్కల్లో. 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. 94 దగ్గరికి వచ్చేసరికి గంట. ఈ లెక్కలో మాడ్యూల్ ప్రస్తావన లేదు. ఫోన్ పక్కనుండే రెండు మీటల్లో కింది మీట చాలు, అది ఉచితం కూడా, అందుకే దాని గురించి ఎవరూ ప్రకటన ఇవ్వరు.

ఈ పోటీలో అంతిమ విజేత అమెరికా కంపెనీ కాదు. గులిమి. చెవి వైపున్న బోరులోకి (శబ్దం బయటికొచ్చే రంధ్రంలోకి) చేరి అడెల్‌నీ అపెక్స్‌నీ ఆటమ్‌నీ సమానంగా పూడుస్తుంది. పూడినట్టు వెంటనే తెలియదు; ఒక చెవిలో బేస్ మారుతుంది, కొనుక్కున్నవాడు కేబుల్ మార్చి చూస్తాడు. శుభ్రం చేసేటప్పుడు బోరును నేలవైపు వంచి పట్టుకోవాలి, లేకపోతే గులిమి లోపలికే రాలుతుంది. పెట్టెలో ఇచ్చిన చిన్న వైరు కొక్కెంతో అంచు మీదున్నంతవరకే తీయాలి. బోరులోని జాలీని పొడవకూడదు, దానిమీద స్పిరిట్ పోయకూడదు. నోటితో ఊదకూడదు: ఊదితే తేమ చేరి జాలీ మూసుకుపోతుంది, ఆ గాలికి డ్రైవర్ పొర నలిగినా నలుగుతుంది.