వచ్చే ఉగాదికి ఆ బల్ల లోపలే వేయండి

డాలస్ దగ్గర మన తెలుగువాళ్ల ఈ ఉగాది సంబరాలకి వచ్చినవాళ్లలో చాలామంది ఆ బల్లను చూసే ఉండరు. పొద్దున తొమ్మిదింటికి లాబీలో, రిజిస్ట్రేషన్ డెస్కుకి ఎదురుగా, దిక్కులేని కుక్కలకీ పిల్లులకీ ఇళ్లు వెతికే సిటీ షెల్టర్ వాలంటీర్లు ఇద్దరు మడత బల్ల వేసుకుని కూర్చున్నారు. పక్కన క్రేట్‌లో గోధుమరంగు కుక్క ఒకటి ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. పంచాంగ శ్రవణం మొదలవకముందే కమిటీకి ఫిర్యాదు వెళ్లింది. పండగపూట, దేవుడి పటాలున్న చోట, భోజనాలకెళ్లే దారిలో కుక్కేమిటని. పదిన్నరకల్లా బల్ల పార్కింగ్ లాట్‌కి, చెత్త డబ్బాల పక్కకి మారింది. వడ్డనలు మొదలయ్యేసరికి వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. పిలిచింది మనమే.

ఫిర్యాదు చేసినవాళ్లని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మడి, శుచి అన్నవి మన పెద్దలకి పట్టింపు మాత్రమే కాదు, రోజు గడిచే పద్ధతి. కుక్కంటే భయం కూడా ఊరికే రాలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న మాట వింటూ పెరిగిన తరం మనది. ఆ పాతరకం టీకా తయారీని మన దేశం 2004 చివర్లో మానేసింది, ఇప్పుడు చేతికే వేస్తారు. అయినా రేబిస్‌తో అక్కడ ఇంకా మనుషులు పోతున్నారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ కుక్కని చూసి రెండడుగులు వెనక్కి వేస్తే అది అజ్ఞానం కాదు.

కానీ అదే అమ్మమ్మ ఊళ్లో చివరి ముద్ద ఎవరికి పెట్టేది? మన వీధి కుక్కకి యజమాని ఉండడు గానీ అన్నం పెట్టే ఇళ్లు నాలుగుంటాయి. గుమ్మం దాటనివ్వరు, పస్తూ ఉంచరు. ఆ దయ నిలబడింది వీధి ఉండబట్టి. ఇక్కడ ఆ వీధి లేదు. డాలస్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా తిరిగే కుక్కని యానిమల్ సర్వీసెస్ పట్టుకెళ్తుంది, కొద్ది రోజులు యజమాని కోసం చూస్తుంది, ఆ తర్వాత దానికి ఇల్లయినా దొరకాలి, లేదంటే చోటు చాలక ప్రాణమైనా పోవాలి. 2024లో అమెరికా మొత్తమ్మీద షెల్టర్లకి చేరిన కుక్కలూ పిల్లులూ సుమారు 58 లక్షలు. 42 లక్షలకి ఇళ్లు దొరికాయి. 6 లక్షలకి పైగా ప్రాణాలు తీశారు. మిగిలిన ముద్ద పెరటి గుమ్మం దగ్గర పెడితే సరిపోయే దేశం కాదిది.

మన ఇళ్లలో పిల్లలు కుక్క కావాలని అడగడం లేదా అంటే, అడుగుతూనే ఉన్నారు. మనవాళ్లు రెండు మూడు వేల డాలర్లు పోసి డూడుల్ (పూడుల్ కలిసిన సంకరజాతి) పిల్లల్ని కొంటూనే ఉన్నారు. డాలస్ నగరం పెట్ స్టోర్లలో కుక్కల, పిల్లుల అమ్మకాన్ని 2022లో నిషేధించాక ఆ కొనుగోళ్లు ఇంటర్నెట్ బ్రీడర్ల దగ్గరికి పోయాయి. తల్లికుక్కని చూపించకుండా, గ్యాస్ స్టేషన్ దగ్గర కలుద్దామనే అమ్మకందారు దగ్గర కొన్న పిల్ల పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బుతో ఇల్లు చేరితే, ఆ వారం ఆస్పత్రి ఖర్చే వేలల్లోకి వెళ్తుంది. షెల్టర్‌లో కట్టే కొద్ది ఫీజులో సాధారణంగా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకాలు, మైక్రోచిప్ అన్నీ కలిసే ఉంటాయి.

అయితే షెల్టర్‌కి వెళ్లేవాళ్లకి క్రేట్ మీది కార్డు చదవడం రావాలి. ఆ రోజు బల్ల పక్కన కట్టిన కార్డునే చూడండి: నాలుగేళ్లు, 52 పౌండ్లు, మిక్స్, స్ట్రే, హెచ్‌డబ్ల్యూ పాజిటివ్. జాతి పేరు చాలావరకు కంటితో చూసి వేసిన అంచనా, దాన్నిబట్టి స్వభావం తేల్చకండి. అపార్ట్‌మెంట్ లీజులో మాత్రం ఆ పేరే అడ్డు రావచ్చు, బరువు పరిమితి కూడా ఉండవచ్చు. అందుకని ముందు లీజు తెరిచి పెట్ డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్ ఎంతో చూసుకోండి. స్ట్రే, అంటే వీధిలో దొరికింది అని ఉంటే పాత చరిత్ర తెలియదు. ఓనర్ సరెండర్ అని ఉంటే పిల్లలతో ఉందా, పిల్లితో పడిందా, ఎందుకు వదిలేశారో అడగండి. ఫోస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా పెంచేవాళ్ల దగ్గర, కొన్నాళ్లు ఉన్నదైతే వాళ్లు రాసిన నోట్సుకి మించిన ఆధారం లేదు.

హెచ్‌డబ్ల్యూ పాజిటివ్ అనగానే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. హార్ట్‌వర్మ్ దోమ వల్ల వచ్చే పురుగు, గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరుగుతుంది. కుక్కని ముట్టుకుంటే పిల్లలకి అంటదు. వైద్యం మామూలుగా ఇలా ఉంటుంది: ముందు నెల రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు, తర్వాత నడుము కండలో లోతుగా పురుగుల్ని చంపే మెలార్సొమిన్ ఇంజెక్షన్ ఒకటి, మరో నెలకి 24 గంటల తేడాతో ఇంకో రెండు. ఈ నెలలన్నీ కుక్కని పరిగెత్తనివ్వకూడదు. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డం పడతాయి, ఆయాసపడితే ప్రాణానికే ముప్పు. మూత్రానికి కూడా లీష్ మీదే తీసుకెళ్లాలి. కొన్ని షెల్టర్లు ఈ ఖర్చు భరిస్తాయి, సంతకం పెట్టేముందే అడగండి. ఈ పురుగు లేని కుక్కకైనా టెక్సస్‌లో నివారణ మందు నెలకోసారి, పన్నెండు నెలలూ తప్పదు.

షెల్టర్ గదిలో అరిచే కుక్క ఇంట్లోనూ అరుస్తుందని అనుకోవద్దు. వందల అరుపుల మధ్య, సిమెంటు గచ్చు మీద ఏ ప్రాణీ తనలా ఉండదు. బయట యార్డులోకి తెప్పించుకుని, దానికేసి సూటిగా చూడకుండా పక్కకి తిరిగి నేల మీద ఇరవై నిమిషాలు కూర్చోండి. దానంతట అది వచ్చి వాసన చూస్తుందా, చేతిలో బిస్కెట్ తీసుకుంటుందా చూడండి. ఇంట్లో అందరినీ, కుదిరితే ఆ అమ్మమ్మనీ తీసుకెళ్లండి. మొదటిసారి పెంచేవాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకి నా సలహా మూడు నుంచి ఐదేళ్ల కుక్క. ఎంత పెరుగుతుందో, ఎలాంటిదో అప్పటికే తెలిసిపోతుంది. ఎనిమిది వారాల పిల్లయితే రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకో టీకా.

వచ్చిన కుక్క తిరిగి షెల్టర్‌కి పోవడం ఎక్కువగా మొదటి వారాల్లోనే. ఆదివారం తెస్తారు, శనివారానికి పాట్‌లక్ పెట్టి ముప్పై మందిని పిలుస్తారు. పిల్లలు మెడ చుట్టూ చేతులు వేస్తారు, తింటుంటే గిన్నెలో చెయ్యి పెడతారు. అది గుర్రుమంటుంది, "కరిచే కుక్క" అన్న ముద్రతో వెనక్కి వెళ్తుంది. షెల్టర్లలో మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు: బెదురు తగ్గడానికి, అలవాటు పడడానికి, తన ఇల్లని నమ్మడానికి. మొదటి మూడు వారాలు చుట్టాల్ని పిలవకండి. షెల్టర్‌లో తినే ఫుడ్డే కొన్నాళ్లు పెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. పొడిగా, గట్టిగా దగ్గితే కెన్నెల్ కాఫ్ కావచ్చు, వెట్‌కి చూపించండి. కొత్త కుక్క తలుపు సందులోంచి దూరిపోతుంది, అందుకని జారిపోని మార్టింగేల్ కాలర్ వేయండి, పెరట్లో కూడా లీష్ తీయకండి. మైక్రోచిప్ ఉన్నంత మాత్రాన చాలదు. దాన్ని మీ ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ చేయాలి, నంబర్ మారితే మార్చాలి. దీపావళి టపాసులకి బెదిరి పారిపోయే కుక్కల్లో ఈ ఒక్క పని చేయని ఇళ్లవి మళ్లీ దొరకడం కష్టం.

ఇక వంటింటి సంగతి ఇంగ్లీషు కరపత్రాల్లో ఎక్కడా సరిగ్గా ఉండదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కుక్కకి పెట్టకూడదని చాలామందికి తెలుసు. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి, కాబట్టి పాయసం గిన్నె నాకనివ్వకండి. ద్రాక్షలో ఆ పని చేసేది టార్టారిక్ ఆమ్లమని పశువైద్య టాక్సికాలజిస్టులు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంది, చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు నమోదయ్యాయి. అంటే చారన్నం, పులిహోర, ఉగాది పచ్చడి ఏవీ దానికి వేయకూడదు. ఒకవేళ తిని వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్ (జంతువులు విషం తింటే సలహా చెప్పేవాళ్లు) 888-426-4435, ఫీజు తీసుకుంటారు, రాత్రయినా పలుకుతారు. కర్పూరం, చీరల మధ్య కలరా ఉండలు అందనివ్వకండి. పిల్లికి లిల్లీ పుప్పొడి చాలు, ఒక్క టైలెనాల్ మాత్ర చాలు, ప్రాణం పోతుంది.

శాకాహారుల ఇళ్లకి ఒక మాట. పెరుగన్నం మీద కుక్క బతకదు. పూర్తి పోషకాలున్న శాకాహార డాగ్ ఫుడ్ దొరుకుతుంది, వెట్‌ని అడిగి వాడండి. పిల్లికి మాత్రం మాంసం లేకుండా కుదరదు. అది ఒప్పనివాళ్లు షెల్టర్‌లో కుందేళ్లు ఉన్నాయేమో అడగండి, టిమొతీ గడ్డి, ఆకుకూర, నీళ్లతో హాయిగా ఉంటాయి.

డిసెంబర్‌లో ఆరు వారాలు ఇండియా వెళ్లే కుటుంబం అడాప్ట్ చేసుకోవద్దు, వచ్చాక ఫోస్టర్ చేయండి. తిండి, మందులు చాలాచోట్ల షెల్టరే ఇస్తుంది. ఉద్యోగం పోయి, వీసా ఇచ్చే 60 రోజుల గడువులో సామాను సర్దుకునేవాళ్ల కష్టం తెలియనిది కాదు. అయినా కుక్కని వదిలేయడం ఒక్కటే దారి కాదు. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ముద్రపడిన హెల్త్ సర్టిఫికెట్, దిగేముందు ఇండియా యానిమల్ క్వారంటైన్ వాళ్ల నో అబ్జెక్షన్ ఉంటే ఇండియాకి తీసుకెళ్లొచ్చు. కుక్కని దింపుకోగల విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఉంది. మళ్లీ తిరిగి తేవాలనుకుంటే మాత్రం, 2024 ఆగస్టు 1 నుంచి రేబిస్ ముప్పున్న దేశాల జాబితాకి సీడీసీ నిబంధనలు కఠినమయ్యాయి, ఇండియా అందులో ఉంది. బయల్దేరేముందే ఇక్కడ వేయించిన రేబిస్ టీకా ఫారం మీద యూఎస్‌డీఏ ముద్ర వేయించుకోండి.

కమిటీ వారికి ఒకటే విన్నపం. వచ్చే ఉగాదికి షెల్టర్‌ని మళ్లీ పిలవండి, ముందుగా మన తరఫున క్షమాపణ చెప్పి పిలవండి. లాబీలో తూర్పు తలుపు దగ్గర, భోజనాల దారికి దూరంగా పదడుగుల చోటుంది. కింద చాప, పక్కన చేతులు కడుక్కునే ఏర్పాటు, ఒక నీళ్ల గిన్నె. ఎలర్జీ ఉన్నవాళ్లు, భయపడేవాళ్లు పడమటి తలుపు నుంచి రావచ్చు, ఆహ్వానపత్రికలోనే ఆ మాట వేయండి. రెండు గంటలు చాలు. బల్ల దగ్గర తెలుగులో చెప్పడానికి మన హైస్కూలు పిల్లలు ఇద్దరిని కూర్చోబెట్టండి.