గడ్డిపరక మింగిన తాళంకప్ప గారికి

మూడో నంబరు తలుపు తాళంకప్ప గారికి,

నమస్కారం. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగూ ఇరవై దాకా మీ ముందు నిలబడే భాగ్యం కలిగించారు. నా ఒక చేతిలో తాళంచెవి, రెండో చేతిలో నీళ్ళ పైపు, మీ కడుపులో గడ్డిపరక. ఒకటి కాదు, మూడు. కోసి చూశాక తెలిసింది.

మీరిప్పుడు లేరని తెలుసు. బోల్ట్ కట్టర్ తెప్పించిందే నేను. కానీ మీరు పోయిన రోజే మీ తమ్ముడుగారు అదే గడియకి అచ్చం మీలాగే వేలాడుతున్నారు. కాబట్టి ఈ ఉత్తరం మీ వంశం మొత్తానికి అనుకోండి.

మీ మరణానికి కారకులెవరో నాకు తెలుసు. సాక్ష్యం లేదు, అంతే. మాది ల్యాబుల నుంచీ ఇళ్ళ నుంచీ వచ్చిన చింపాంజీలకి ఆశ్రయమిచ్చే శాంక్చువరీ. అందులో చెదపుట్టలా కట్టిన సిమెంటు దిబ్బ ఒకటుంది. దానికి చిల్లులు. ఆ చిల్లుల్లో తేనో, ఆవముద్దో, వేరుశెనగ వెన్నో కూరుతాం. వాళ్ళు పుల్ల విరిచి, ఆకులు దూసి, కావలసిన పొడుగు చూసుకుని, లోపలికి దించి, తీసి నాకుతారు. బుర్రకి పని ఉండాలని మేమే పెట్టిన ఏర్పాటు. అంటే చిల్లు కనిపిస్తే పుల్ల పెట్టమని ఏళ్ళ తరబడి నేర్పింది మేమే. మీకూ ఒక చిల్లుంది. ఇనుపవల కన్నంలోంచి సన్నటి గడ్డిపరక మీదాకా వస్తుందని మాకు తట్టలేదు. లోపలివాళ్ళకి తట్టింది.

1960లో గోంబే అడవిలో ఒక చింపాంజీ పుట్టలో గడ్డిపరక పెట్టి చెదపురుగులు తీసుకు తినడం జేన్ గుడాల్ చూసింది. పనిముట్లు మనిషి సొత్తు అనుకున్న లోకం నోరెళ్ళబెట్టింది. నిన్న నేనూ నోరెళ్ళబెట్టాను. కాకపోతే అప్పుడు అందులోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

పైగా సమయం చూడండి. పొద్దున్నే వాళ్ళని లోపలి గదుల్లో పెట్టి, మిమ్మల్ని వేసి, బయట మైదానమంతా చిలగడదుంప ముక్కలు, ద్రాక్షలు, పొద్దుతిరుగుడు గింజలు చల్లాం. అడవిలో రోజులో సగం తిండి వెతుక్కోవడంతోనే గడుస్తుంది కదా, ఇక్కడ కూడా కాస్త వెతుక్కోనీ అని. ఒకటిన్నరకి తలుపు తీయాలి. తీయలేదు. తొమ్మిదిమంది వలకి మొహాలు ఆనించి చూస్తుండగా, వాళ్ళ భోజనం మొత్తం కాకులు తిన్నాయి. ద్రాక్షపళ్ళయితే కాకులు కూడా ఏరుకుని తిన్నాయి, ఎక్కడా తొందర లేదు.

తర్వాత జరిగింది మీరూ విన్నారు. తలుపు మీద పాదాలతో దరువు, కేకలు, ఆ పైన ఒక కుర్రాడు పేడ అందుకున్నాడు. గురి బాగా కుదిరింది. చింపాంజీలు పళ్ళన్నీ బయటపెడితే "నవ్వుతున్నాయి, ఎంత ముద్దో" అంటూ వీడియోలు పంపేవాళ్ళని ఆ మూడు గంటలూ నా పక్కన నిలబెట్టాలనిపించింది. అది భయమండీ, భయం. వాటి నవ్వులో పైపళ్ళు కనబడవు. సరే, ఆ గొడవ వీడియోలతో, మీతో కాదు.

మీతో నా పేచీ ఒక్కటే. వీళ్ళు రిటైరయ్యారు. మీరు కాలేదు.

రిటైర్మెంట్ అంటే మా మనుషుల్లో ఒక పద్ధతి ఉంది. ఆఫీసు తాళంచెవులు ఇచ్చేసి ఇంటికొస్తాం. వీళ్ళ విషయంలో ఉద్యోగం పోతుంది, తెల్లకోట్లు పోతాయి, మత్తుసూదులు పోతాయి, ఒంటిమీద పొడిచిన నంబరుకి బదులు పేరొస్తుంది. మీరు మాత్రం ప్రతి ట్రాన్స్‌ఫర్‌లోనూ వెంట వస్తారు. ల్యాబులో ఐదడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు బోనుకి మీరే. పిల్లప్పుడు చొక్కా తొడిగి ప్రకటనల్లో ఆడించి, ఆరేడేళ్ళు వచ్చి బలం తెలిసేసరికి వెనకగదిలో పడేసిన ఇంట్లోనూ మీరే. ఇక్కడికొస్తే ఇక్కడా మీరే. మీ సర్వీసు రికార్డు ముందు ఎవరు నిలుస్తారు చెప్పండి.

హామ్ అనే చింపాంజీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1961 జనవరి 31న అమెరికా వాళ్ళు రాకెట్లో కూర్చోబెట్టి పంపినప్పుడు అతను 65వ నంబరు. బతికి తిరిగొస్తాడో లేదో తెలీదు కనుక పేరుని కూడా దాచిపెట్టి, తిరిగొచ్చాక ఇచ్చారు. పదహారు నిమిషాల పైచిలుకు ప్రయాణం, పేపర్లనిండా ఫొటోలు. దేశం గర్వించాక అతన్ని వాషింగ్టన్ జూకి పంపారు. అక్కడ పదిహేడేళ్ళు, దాదాపు ఒంటరిగా. గుంపుగా బతికే జంతువుకి. 1980లో నార్త్ కరొలైనా జూలో తనలాంటి వాళ్ళ మధ్యకి చేరాడు. 1983లో పోయాడు. ఆకాశం దాకా వెళ్ళొచ్చినవాడికి పదిహేడేళ్ళ పాటు మిగిలిన తోడు ఎవరంటే తమరు.

ఇంకో ముచ్చట. ఎయిడ్స్ పరిశోధనకని 1986 నుంచి అమెరికా ప్రభుత్వ ఖర్చుతో చింపాంజీలను పుట్టించారు. తీరా చూస్తే వైరస్ ఎక్కించినా వాటిలో ఎక్కువ వాటికి ఆ జబ్బు రాలేదు. అంటే పనికిరాలేదు. పుట్టించిన వాళ్ళని ఏం చేయాలో తెలీక 1995లో పుట్టించడం ఆపారు. 2000 డిసెంబరులో, వీళ్ళని శాంక్చువరీల్లో ఉంచాలని చట్టం చేశారు. మంచిదే. కానీ అవసరమైతే కొన్ని షరతుల మీద మళ్ళీ పరిశోధనకి వెనక్కి పిలవొచ్చనే మెలిక అందులో ఉంది! రిటైరైన మనిషిని వారం తర్వాత ఫోన్ చేసి డ్యూటీకి రమ్మనడం లాంటిది. లూయిజియానాలోని శాంక్చువరీ చింప్ హేవెన్‌కి 2005లో మొదటివాళ్ళు చేరి, మొదటిసారి గడ్డిమీద నడుస్తున్నప్పుడు కూడా మీ రెండో తాళంచెవి ఎవరిదో జేబులో భద్రంగా ఉంది. 2007లో గానీ ఆ మెలిక తీయలేదు.

ఇక అలమొగోర్డో. మర్యాదగానే చెబుదామనుకున్నాను. 2015లో ఎన్‌ఐహెచ్ అనే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ తన చింపాంజీలందరికీ ఇక పరిశోధన లేదు, రిటైర్మెంటే అని ప్రకటించింది. న్యూమెక్సికోలోని అలమొగోర్డోలో ఉన్న 44 మంది దగ్గరికి వచ్చేసరికి 2019లో మాట మార్చింది. వీళ్ళు పెద్దవాళ్ళయిపోయారు, గుండెజబ్బులు, షుగరు, ప్రయాణం తట్టుకోలేరు, ఉన్నచోటే ఉండనివ్వండి అంది. అర్థమైందా నీకు? పని చేసీ చేసీ ఆరోగ్యం పాడైంది కనుక, పని నుంచి విశ్రాంతికి పంపలేరట. ఎవరి చేతుల్లో పాడైంది ఆ ఆరోగ్యం? వైరస్‌లు ఎక్కించింది ఎవరు? 2022 డిసెంబరులో కోర్టు, ఇది చట్టానికి విరుద్ధం అని తేల్చింది. అన్నేళ్ళూ నువ్వు ఆ గడియకి వేలాడుతూనే ఉన్నావు కదా! ఒక్క రోజు తుప్పు పట్టలేకపోయావా? మా దగ్గర మూడు గడ్డిపరకలకే బిగుసుకుపోయినవాడివి, అక్కడ మాత్రం నూనె రాసినట్టు పనిచేశావా?

ఏకవచనంలోకి దిగాను. ఉండనివ్వు, ఇంకొకటి చెప్పాలి.

లైబీరియాలో నువ్వు లేని చోటు ఉంది తెలుసా. ల్యాబు నుంచి బయటికి తెచ్చిన అరవై పైచిలుకు చింపాంజీలను నది ద్వీపాల మీద వదిలారు. వాటికి ఈత రాదు కదా, నీళ్ళే తాళం. ద్వీపాల్లో తిండి చాలదు, మంచినీళ్ళూ లేవు, రెండూ పడవలో రావాలి. అంటే పడవే తాళంచెవి. దశాబ్దాల పాటు వాటి మీద ప్రయోగాలు చేసిన న్యూయార్క్ బ్లడ్ సెంటర్ 2015లో ఆ ఖర్చు ఆపేసింది. అక్కడి కీపర్లు చేతనైనంత మోశారు, జంతు సంక్షేమ సంస్థలు చందాలు పోగేశాయి, గోల చేశాయి. 2017లో అరవై లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నీళ్ళని తిట్టలేను కాబట్టి నిన్ను తిడుతున్నాను. ఇనపముద్దవి, పడతావు.

నిన్న నా నాలుగు గంటలు ఎందుకు పోయాయో కూడా చెప్తాను, ఎందుకంటే అందులో గడ్డిపరకలవి మూడే.

మా ముసలావిడ ఉందే, నడుము దగ్గర వెంట్రుకలు పీకేసుకుని నున్నగా ఉంటుంది, ఆవిడ. నాలుగూ ఇరవైకి నిన్ను కోసి తలుపు జరిపాం. ఎనిమిదిమంది దుమ్ము లేపుకుంటూ మైదానంలోకి పోయారు. ఆవిడ వచ్చి గుమ్మంలో కూర్చుంది. అటూ కాదు, ఇటూ కాదు. సరిగ్గా తలుపు జరిగే గాడి మీద. మేము లోపలికి వెళ్ళి గదులు కడగాలంటే ఆ తలుపు మూయాలి. వాళ్ళున్నచోటికి మేము వెళ్ళం, అది మొదటి రూలు. మీద పడి మూయలేం. కాబట్టి ఎదురుచూడాలి. అక్రోటుకాయ చూపించాను, చూసింది. జ్యూసు చూపించాను, మొహం అటు తిప్పింది. కాలివేళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది.

మొదట్లో ఇది మొండితనం అనుకునేదాన్ని. ఆవిడ ల్యాబులో ఎన్నేళ్ళు ఉందో కాగితాల్లో ఉంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో తలుపు తీసినా సిమెంటు దాటలేదు. గడ్డి మీద ఒక కాలు పెట్టి, చురుక్కుమన్నట్టు తీసేసుకుంది. ఇప్పటికీ మైదానంలోకి వెళ్తే గోడ పక్కనున్న సిమెంటు అంచు మీదే నడుస్తుంది. ఆవిడకి అర్థమైన విషయం ఒకటుంది, నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. తను గాడి మీద కూర్చున్నంతసేపూ నిన్ను వేయడం ఎవరి తరమూ కాదు. ఈ భవనం మొత్తంలో నీ మీద అధికారం ఉన్నది ఆవిడకొక్కదానికే. నా దగ్గర తాళంచెవి ఉంది గానీ ఏం లాభం, నాకు గంటలు కొట్టుకుంటూ ఉంటాయి.

నిన్న ఐదున్నర దాకా కూర్చుంది. నేనూ వలకి ఇవతల బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. గదులు కడగడం చీకటి పడ్డాక అయింది.

సరే. కోపం తగ్గాక మీతో మళ్ళీ మర్యాదగా మాట్లాడాలి, ఎందుకంటే అసలు విషయం నాకు తెలుసు. మీరు లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

2006లో సియెర్రా లియోన్‌లోని టకుగామా శాంక్చువరీ నుంచి 31 చింపాంజీలు బయటపడ్డాయి. ఒక మనిషి ప్రాణం పోయింది. చాలావరకు మళ్ళీ చేరుకున్నాయి. వాటి నాయకుడు బ్రూనో తిరిగి రాలేదు. 2022 డిసెంబరులో స్వీడన్‌లోని ఫురువిక్ జూలో చింపాంజీలు బయటికొస్తే తుపాకులతో కాల్చారు. చనిపోయినవాళ్ళలో శాంటీనో ఉన్నాడు. సందర్శకులు రాకముందే రాళ్ళు పోగుచేసి దాచుకుని, వచ్చాక విసిరేవాడని శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా వ్యాసం రాసింది అతని గురించే. ముందుచూపుకి రుజువుగా నిలిచినవాడు తెరిచి ఉన్న దారికి బలయ్యాడు. తలుపు అవతల అడవి ఉంటే మీతో పనే లేదు. తలుపు అవతల మేమున్నాం. తుపాకులున్నవాళ్ళు, ఫోన్లున్నవాళ్ళు, "ఒక్కసారి ఎత్తుకుని ఫొటో దిగొచ్చా" అని ఇప్పటికీ అడిగేవాళ్ళు. మా జలుబు ఒక్కటి చాలు వాళ్ళకి ప్రాణం మీదికి రావడానికి, అందుకే కదా ఈ మాస్కులు. అంచేత మీరు ఎటువైపు నుంచి ఎవరిని కాపలా కాస్తున్నారో నాకు ఒక్కోరోజు ఒక్కోలా కనిపిస్తుంది. నిన్న మాత్రం శత్రువులాగే కనిపించారు.

అయినా కొన్ని విన్నపాలు చేసుకుంటాను. మీ తమ్ముడుగారికి చిల్లు కిందివైపు ఉండేలా ఒక రేకు తొడిగించాం, అలక వద్దని చెప్పండి. చలిరోజుల్లో బిగుసుకోవద్దు, మీ వంశంలో ఆ జబ్బు ఉంది. సిమెంటు దిబ్బ చిల్లులకీ మీకూ తేడా లోపలివాళ్ళకి నచ్చజెప్పే బాధ్యత నాది. చెప్పి చూస్తాను. వినరు.

ఇట్లు,
మూడో నంబరు తలుపు డ్యూటీ మనిషి

తాజా కలం: ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. లాగ్ పుస్తకంలో నా సంతకం ఉంది, నాతో పనిచేసే అమ్మాయి సంతకమూ ఉంది. గడియ వేశాను, మీ తమ్ముణ్ణి నొక్కాను, క్లిక్‌మంది. రెండుసార్లు లాగాను. తర్వాత ఆ అమ్మాయి రెండుసార్లు లాగింది. ఇదంతా నాకు స్పష్టంగా గుర్తుంది. ఫోన్ చేసి అడిగితే, "లాగావక్కా, నేను చూశాను, పడుకో" అని విసుక్కుంది. మొన్న కూడా అలాగే విసుక్కుంది.

చెప్పులేసుకుని ఒకసారి వెళ్ళి చూసొస్తాను.