పేరు రాయండి, వాటా ఇవ్వండి

1983 మార్చి 25న కాలిఫోర్నియాలోని పాసడీనాలో మోటౌన్ రికార్డుల సంస్థ పాతికేళ్ల వేడుక జరుపుకుంది. ఆ సంస్థ పాటలతో తారలైన వాళ్లు ఒక్కొక్కరే వేదిక ఎక్కారు. మైకేల్ జాక్సన్ మొదటిసారి మూన్‌వాక్ చేసింది ఆ వేదిక మీదే. ఆ సంస్థ హిట్ పాటల్లో చాలావాటికి బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కూడా ఆ రాత్రి హాల్లోనే ఉన్నారు. ఆయనకు పిలుపు రాలేదు. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, బాల్కనీలో వెనకెక్కడో కూర్చుని చూశారు. అదే ఏడాది ఆగస్టు 2న 47 ఏళ్లకే కన్నుమూశారు.

దీన్ని ఒక మనిషి దురదృష్టం అని సరిపెట్టుకోవడానికి మేం సిద్ధంగా లేము. చర్చి పాటల గొంతుక, బ్లూస్‌లోని వేదన, కాలు నిలవనివ్వని లయ కలిసిన సోల్ సంగీతాన్ని నల్లజాతి అమెరికన్లు ప్రపంచానికి ఇచ్చారు. 1960లలో, 70లలో ఆ పాటలతో కోట్ల డాలర్ల వ్యాపారం సాగింది. స్టూడియోల్లో కూర్చుని వాటిని వాయించినవాళ్ల పేర్లు మాత్రం రికార్డు అట్టల మీద కనిపించవు. ఎవరో మరిచిపోయి అలా జరగలేదు. వ్యాపారమే ఆ తీరులో నడిచింది. ఇప్పటికీ చాలావరకు అలాగే నడుస్తోంది.

ఆ పని ఎలా జరిగేదో కొంచెం దగ్గరగా చూడాలి. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో కుటుంబం నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ కంపెనీ పెట్టారు. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్‌లోని ఒక మామూలు ఇంటిని కొని, వెనక వైపు గదిని స్టూడియోగా మార్చారు. పైకప్పు నుంచి వేలాడే కేబుళ్లను చూసి వాయించేవాళ్లే దానికి స్నేక్‌పిట్ అని పేరు పెట్టుకున్నారు, అంటే పాముల గొయ్యి. ఆ ఇరుకు గదిలో ఇంచుమించు రాత్రింబవళ్లు రికార్డింగులు జరిగేవి. జో హంటర్, ఎర్ల్ వాన్ డైక్ పియానో. బెన్నీ బెంజమిన్, యూరియల్ జోన్స్, రిచర్డ్ 'పిస్టల్' ఆలెన్ డ్రమ్స్. రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా గిటార్లు. జాక్ ఆష్‌ఫర్డ్ టాంబరిన్, ఎడ్డీ 'బోంగో' బ్రౌన్ తాళ వాద్యాలు. వాళ్లలో చాలామంది రాత్రి క్లబ్బుల్లో జాజ్ వాయించి ఆరితేరినవాళ్లు. తమను తాము ఫంక్ బ్రదర్స్ అని పిలుచుకున్నారు.

వాళ్ల చేతికి చాలాసార్లు వచ్చేది కార్డ్స్, అంటే కలిపి మోగించాల్సిన స్వరాల గుంపుల పేర్లు, రాసిన ఒక కాగితం మాత్రమే. ఏ స్వరం ఎక్కడ పడాలి, ఎక్కడ ఆగాలి, పల్లవికి ముందు వినేవాడి చెవిని ఎలా పట్టుకోవాలి అన్నది గదిలో కూర్చున్నవాళ్లే తేల్చుకునేవారు. జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే బేస్ వాయించేవారు. తోటివాళ్లు ఆ వేలికి 'హుక్' అని పేరు పెట్టారు. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదు. ఆ చప్పుడులో గుండ్రదనం, బరువు కొంత ఆ పాత తీగల వల్లే వచ్చాయి. అప్పటిదాకా బేస్ అంటే గాయకుడి వెనక బుద్ధిగా అడుగులేసే వాద్యం. జేమర్సన్ చేతిలో అది గాయకుడితో మాట్లాడింది, కొన్నిచోట్ల గాయకుడికి ఎదురు చెప్పింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ బేస్ గిటార్ నేర్చుకునేవాడైనా ఆయన వాయించిన వరసలు సాధన చేయకుండా ముందుకు పోలేడు.

1964 నాటి 'మై గర్ల్' పాట మొదట్లో మెట్లెక్కినట్టు వచ్చే గిటార్ స్వరాలు రాబర్ట్ వైట్‌వి. గొంతు వినబడకముందే ఇది ఏ పాటో ఎవరైనా చెప్పేస్తారు. రచన మీద మాత్రం వైట్‌కు హక్కు లేదు. చట్టం దృష్టిలో బాణీ, మాటలు రచన. దాన్ని జనానికి గుర్తుండిపోయేలా చేసిన గిటార్ వరస రోజు కూలికి అమ్మిన పని. ఏళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఒక రెస్టారెంట్‌లో భోంచేస్తుంటే ఆ పాట వచ్చిందని, ఇది వాయించింది నేనేనని వెయిటర్‌తో చెప్పబోయి వైట్ ఆగిపోయారని, ఈ ముసలాయన కోతలు కోస్తున్నాడనుకుంటాడేమోనని సందేహించారని ఈ బృందం మీద 2002లో వచ్చిన డాక్యుమెంటరీ చెబుతుంది. తాను చేసిన పనిని తానే చెప్పుకోవడానికి ఒక కళాకారుడు జంకాల్సి వచ్చిందంటే తప్పు ఆయనలో లేదు.

వాళ్లకు జీతం ఇచ్చారు కదా, ఇంకేం కావాలి అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచం. మొదట్లో కూలి చాలా తక్కువే అయినా, దశాబ్దం చివరికి జేమర్సన్ లాంటి ముఖ్యులకు మోటౌన్ వారానికి వెయ్యి డాలర్ల దాకా ఇచ్చింది. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. పది మంది వాద్యకారులకు ఏడాది పొడవునా పని దొరకడమూ చిన్న విషయం కాదు. కానీ అదే కంపెనీ, బయట వాయిస్తే జరిమానా వేసేది. అయినా వాళ్లు వెళ్లేవారు. వేరే కంపెనీ గాయకుడు జాకీ విల్సన్ పాడిన 1967 నాటి 'హయ్యర్ అండ్ హయ్యర్' వెనక ఉన్న చేతులు షికాగోకు చాటుగా వెళ్లిన ఈ డెట్రాయిట్ వాళ్లవే. వాయించేవాళ్లు బయటికి పోతే ఆ సౌండ్ కూడా వాళ్లతోనే పోతుందని కంపెనీకి తెలుసు. అంత విలువైనవాళ్ల పేర్లు అట్ట మీద వేయడానికే మనసు రాలేదు.

పేర్లు మొదటిసారి అచ్చయింది 1971లో, గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద. అందులో జేమర్సన్‌ను సాటిలేనివాడు అని రాశారు. అదే పేరున్న పాట రికార్డింగ్ రాత్రి జేమర్సన్ మత్తులో కూర్చోలేక, నేల మీద వెల్లకిలా పడుకుని వాయించారని చెబుతారు. ఆ వరస విని ఎవరూ అలా అనుకోరు. ఆ మరుసటి ఏడాది 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చింది. డెట్రాయిట్‌లో పనికి వచ్చిన వాద్యకారులకు ఈ రోజు పని లేదని తలుపు మీది కాగితం చెప్పింది. పన్నెండేళ్లకు పైగా నడిచిన బంధం అలా తెగింది.

ఈ అన్యాయం వాద్యాలతో ఆగలేదు, గొంతులకూ జరిగింది. జాకీ హిక్స్, మార్లీన్ బారో, లూవేన్ డెంప్స్ అనే ముగ్గురు మహిళలు ఆండాంటెస్ పేరుతో మోటౌన్ రికార్డుల్లో వెనక గొంతుకలు ఇచ్చేవారు. ఫోర్ టాప్స్ అనే మగ గాయకుల బృందం పాటల్లో వినిపించే ఆడగొంతులు వీళ్లవే. 1968లో సుప్రీమ్స్ పేరుతో వచ్చిన 'లవ్ చైల్డ్' పాటలో డయానా రాస్ వెనక పాడింది కూడా బృందంలోని మిగతా ఇద్దరు కాదు, ఆండాంటెస్. అంటే పేరు ఒకరిది, గొంతు మరొకరిది. వీళ్ల సొంత పేరుతో మోటౌన్ విడుదల చేసింది ఒకే ఒక్క సింగిల్ (విడి పాట రికార్డు).

అమెరికా దక్షిణాది నగరం మెంఫిస్‌లో కథ కాస్త వేరుగా నడిచింది. అక్కడ ఒక పాత సినిమా హాలును స్టూడియోగా మార్చిన స్టాక్స్ కంపెనీలో ఆస్థాన బృందానికి బుకర్ టీ అండ్ ది ఎంజీస్ అని పేరుంది, 1962 నుంచి సొంత రికార్డులూ ఉన్నాయి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒక టేబుల్ దగ్గర భోంచేయడమే కష్టమైన నగరంలో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు కలిసి వాయించారు. వాళ్లలో గిటారిస్టు స్టీవ్ క్రాపర్ పేరు ఓటిస్ రెడ్డింగ్, విల్సన్ పికెట్, ఎడ్డీ ఫ్లాయిడ్ పాడిన పెద్ద హిట్ల రచయితల జాబితాలో ఉంది. గదిలో కూర్చుని పాటను మలిచిన పనిని అక్కడ రచనగా గుర్తించారు. కాబట్టి ఆ పాట మోగిన ప్రతిసారీ రాయల్టీ వచ్చింది. డెట్రాయిట్‌లో రచయితల లైనులో వాద్యకారుల పేరు పడలేదు కాబట్టి రాలేదు. వాద్యకారుల పేరు గురించి మాట్లాడితే అది మెప్పు కోసం అనుకునేవాళ్లు ఈ తేడా చూడాలి. డబ్బు ఎటు పోవాలో నిర్ణయించేది ఆ పేరే.

డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ సంగతి చూస్తే ఈ మాట మరీ గుచ్చుకుంటుంది. 1969లో సిన్సినాటీలో జేమ్స్ బ్రౌన్ కోసం 'ఫంకీ డ్రమ్మర్' రికార్డు చేస్తున్నప్పుడు మిగతా వాద్యాలు ఆగి, ఆయన ఒక్కరే కొన్ని సెకన్లు వాయించారు. 1980ల నుంచి హిప్‌హాప్ నిర్మాతలు ఆ ముక్కను కత్తిరించి వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారు. పాట రచన జేమ్స్ బ్రౌన్ పేరున ఉంది. డ్రమ్స్ వాయించిన మనిషికి రాయల్టీ అందలేదు. క్యాన్సర్ వచ్చినప్పుడు ఆయన వైద్యం బిల్లు దాదాపు 90 వేల డాలర్లు కట్టింది మరో సంగీతకారుడు ప్రిన్స్. అది కూడా ప్రిన్స్ పోయాకే బయటికి తెలిసింది. ఒక దొడ్డ మనసు ఆదుకుంది, సంతోషమే. ఆయన పనితో సంపాదించిన పరిశ్రమకు మాత్రం ఆ బిల్లు కట్టే బాధ్యత ఏ చట్టమూ పెట్టలేదు.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2000లో తెరవెనక వాద్యకారుల కోసం ప్రత్యేక విభాగం పెట్టి, మొదటి విడతలోనే జేమర్సన్‌ను చేర్చింది. 1969లో పోయిన బెన్నీ బెంజమిన్‌ను 2003లో చేర్చింది. ఫంక్ బ్రదర్స్‌కు 2004లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం, 2013లో హాలీవుడ్ కాలిబాట మీద నక్షత్రం దక్కాయి. వీటిని తక్కువ చేయం. కానీ వాయించినవాడు పోయి ముప్ఫై నాలుగేళ్లకు వచ్చే పురస్కారం వల్ల ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు. 2025లో లాస్ ఏంజెలెస్ స్టూడియోల బేస్ వాద్యకారిణి కారల్ కే, తొంభై ఏళ్ల వయసులో, హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవాన్ని తీసుకోబోనని చెప్పారు. స్టూడియో వాద్యకారులు చేసే పనిని అది ప్రతిబింబించదని ఆమె భావన. ఆ మాటకు మేం బరువు ఇస్తాం. కొన్ని మోటౌన్ పాటల్లో బేస్ వాయించింది తానేనని కూడా ఆమె ఎన్నో ఏళ్లుగా అంటున్నారు, డెట్రాయిట్ వాళ్లు కాదంటారు. ఎవరిది నిజమైనా, ఆ రోజు అట్ట మీద ఒక వరస పేర్లు అచ్చేసి ఉంటే ఈ తగాదాకు తావే లేదు.

ఇక చట్టం. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకు, ప్రచురణకర్తకు డబ్బు వెళ్తుంది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు పైసా వెళ్లదు. డిజిటల్ ప్రసారాలకు 1995లో చట్టం వచ్చాక కొంత మార్పు వచ్చింది. ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియో కట్టే రాయల్టీలో 50 శాతం కంపెనీకి, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 2.5 శాతం పేరులేని వాద్యకారులందరికీ, ఇంకో 2.5 శాతం పేరులేని గాయకులందరికీ పోతుంది. మనం ఎంచుకున్న పాట వినిపించే స్ట్రీమింగ్ యాప్‌లకు ఆ లెక్క వర్తించదు. పైగా 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటలకు ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం రక్షణే ఉండేది కాదు. స్నేక్‌పిట్‌లో పుట్టినవి దాదాపు అన్నీ ఆ గీతకు అవతలే పడ్డాయి. 2018లో చట్టం మారేదాకా ఆ గీత చెరగలేదు. అప్పటికి రాబర్ట్ వైట్ పోయి 24 ఏళ్లు.

ఇంతకన్నా మెరుగైన దారి లేదని అనలేం. యూరోపియన్ యూనియన్ 2011లో రికార్డింగుల హక్కును 50 నుంచి 70 ఏళ్లకు పెంచినప్పుడు, ఆ అదనపు ఇరవై ఏళ్లలో వచ్చే ఆదాయం నుంచి 20 శాతం, ఒకేసారి డబ్బు తీసుకుని హక్కులు వదులుకున్న సెషన్ వాద్యకారుల కోసం పక్కన పెట్టాలని కంపెనీలకు షరతు పెట్టింది. కంపెనీలేమీ మూతపడలేదు. అమెరికా కాంగ్రెస్ ఆ మాత్రం ధైర్యం చూపాలి. రేడియోలో పాట వేస్తే పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా రాయల్టీ ఇవ్వాలనే బిల్లును ప్రతిసారీ పక్కన పెట్టేయడం మానాలి.

మన దగ్గరా ఈ ముల్లు ఉంది. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టం ప్రదర్శకులకు రాయల్టీ హక్కు ఇచ్చింది. కానీ సినిమాలో యాదృచ్ఛికంగా కనిపించే పనికి, పరిశ్రమ రివాజు ప్రకారం టైటిల్స్‌లో పేరు పడని మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించనక్కర్లేదని అదే చట్టం అంటుంది. తెలుగు పాటలకు వయొలిన్, తబలా, వేణువు వాయించేవాళ్లు ఆ వాక్యం ఒకసారి చదువుకోవాలి. నిర్మాతలు, సంగీత దర్శకులు వాళ్ల పేర్లు టైటిల్స్‌లోనూ, యాప్‌లలోనూ తప్పక వేయాలి.

సోల్ పాటల విషయంలో ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. మోటౌన్ పాటలు ఇప్పుడు యూనివర్సల్ మ్యూజిక్ చేతిలో ఉన్నాయి. మిగిలి ఉన్న సెషన్ కాగితాలను, టేపు పెట్టెల మీది రాతలను బయటపెట్టి, ప్రతి పాట పక్కన వాయించినవాళ్ల పేర్లు చేర్చాలి. చాలా రికార్డింగులకు సరైన కాగితమే లేదు కాబట్టి, గుర్తున్నవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి. 2.5 శాతం వాటాలు పంచే అమెరికా వాద్యకారుల, గాయకుల నిధి దగ్గర, హక్కుదారులు దొరక్క పంచని సొమ్ము పోగుపడి ఉంది. వాళ్ల జాబితాను ఆ నిధే ప్రచురిస్తోంది. ఆ జాబితాలో ఉన్నవాళ్ల పిల్లలను, మనవలను వెతికి పట్టుకునే ఖర్చు ఈ పాటలతో బాగుపడిన కంపెనీలు భరించాలి.