డీజిల్ మెల్లగా ఎక్కుతోందా? తప్పు ట్యాంకుది కాదు, గాలిది

పాత డీజిల్ మోటార్‌హోమ్ (లోపలే పడక, వంటిల్లు ఉండే బండి) ఉన్నవాళ్లందరికీ ఈ సలహా ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది. "ట్యాంకులో డీజిల్ మెల్లగా ఎక్కుతోందా, నాజిల్ మాటిమాటికీ ఆగిపోతోందా? లోపల మడ్డి పేరుకుంది. క్లీనర్ పోయండి, ఫిల్టర్ మార్చండి, మూతకు చిన్న రంధ్రం పెట్టండి, లారీలకు పట్టే పెద్ద నాజిల్‌తో కొట్టించండి, మూతి లోపలి రేకు పీకేయండి. అప్పటికీ కాకపోతే పాత బండి అంతే, సర్దుకుపోండి." మొత్తం ఆరు మాటలు. ఐదు శుద్ధ తప్పు, ఒకదాంట్లో మాత్రం రవ్వంత నిజం ఉంది, దాని దగ్గరకు వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

ముందు నాజిల్ ఎందుకు ఆగుతుందో తెలియాలి. దాని కొన దగ్గర చిన్న బెజ్జం ఉంటుంది, అక్కడి నుంచి సన్నని గొట్టం పిడి లోపలికి వెళ్తుంది. డీజిల్ పారుతున్నంతసేపూ ఆ బెజ్జం గాలి పీల్చుకుంటూ ఉంటుంది. డీజిల్ గానీ నురగ గానీ వచ్చి బెజ్జాన్ని మూసిందంటే లోపల పీడనం పడిపోయి, ఒక పల్చటి పొర లాగబడి, మీట టప్పున వదిలేస్తుంది. ఇందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. అంటే ట్యాంకు నిండిందో లేదో నాజిల్‌కు తెలియదు, తన ముక్కు తడిసిందని మాత్రమే తెలుసు. మరి ట్యాంకు సగం ఖాళీగా ఉండగానే ముక్కు ఎందుకు తడుస్తోంది?

సన్న మూతి సీసాలో గరాటు బిగించి నూనె పోసి చూడండి. కాసేపటికి నూనె గరాటులోనే నిలబడిపోతుంది, గరాటును కొంచెం పైకెత్తగానే గుడగుడమని దిగుతుంది. లోపలి గాలికి దారి దొరికింది, అంతే. 300 లీటర్ల డీజిల్ లోపలికి పోవాలంటే 300 లీటర్ల గాలి బయటికి రావాలి. అందుకే చాలా బళ్లలో డీజిల్ దిగే లావు గొట్టం పక్కనే, ట్యాంకు పై భాగం నుంచి మూతి దాకా ఇంకో సన్న గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే గాలి లావు గొట్టంలోంచే డీజిల్‌కు ఎదురొస్తుంది. డీజిల్ అసలే నురగ ఎక్కువ, ఆ నురగ పైకి తన్నుకొచ్చి నాజిల్ ముక్కు మూస్తుంది.

ఇప్పుడు మడ్డి సంగతి. మడ్డి అడుగున ఉంటుంది, డీజిల్ పైనుంచి పడుతుంది. అడుగున ఎంత చెత్త ఉన్నా పైనుంచి పడేదాన్ని ఎలా ఆపుతుంది? మడ్డి ఉంటే ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ శక్తి తగ్గుతుంది. నింపడానికీ దానికీ సంబంధం లేదు. పైగా అవసరం లేకుండా క్లీనర్ పోస్తే గోడలకు అంటుకుని తన మానాన తాను ఉన్న మురికి ఊడొచ్చి ఫిల్టర్‌లో కూర్చుంటుంది, లేని టెన్షన్ కొనితెచ్చుకున్నట్టు.

ఫిల్టర్ మార్చమనే మాటకు ఒక్క వాక్యం చాలు: ఫిల్టర్ ఉండేది ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య, మీరు పోసే డీజిల్ ట్యాంకులో పడేటప్పుడు దాని ముఖం కూడా చూడదు.

మూతకు రంధ్రం పెట్టమన్న మహానుభావుడు ఎవరో గానీ, డీజిల్ కొట్టించేటప్పుడు మూత ఎక్కడ ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. అది మీ చేతిలో ఉంటుంది! చేతిలో ఉన్న మూతకు ఎన్ని రంధ్రాలు పెడితే ఏం లాభం? నష్టం మాత్రం ఖాయం. మలుపుల్లో డీజిల్ తొణికి బయటికి వస్తుంది, వాననీళ్లు లోపలికి పోతాయి, ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, అప్పుడు నిజంగానే మడ్డి తయారవుతుంది. ఈ సలహా పుట్టడానికి కారణం బహుశా బ్రీదర్‌తో వచ్చిన గందరగోళం. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ఖాళీ అయిన చోటికి గాలి రావడానికి ట్యాంకుకు ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది, కొన్ని బళ్లలో అది మూతలోనే ఉంటుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి లాక్కుంటే ఆ బ్రీదర్‌ను శుభ్రం చేయండి. అది వేరే జబ్బు.

లారీ నాజిల్ సలహా మిగతావాటికంటే ప్రమాదకరం. మామూలు నాజిల్ నిమిషానికి 40 లీటర్ల దాకా పోస్తుంది, లారీలది 80 నుంచి 130 దాకా. గాలి పోవడానికే దారి లేని చోట అంత వేగంగా పోస్తే డీజిల్ మీ చెప్పుల మీద పడుతుంది. చాలా పాత మోటార్‌హోమ్‌ల మూతిలో ఆ లావు కొన పట్టదు కూడా. చేయాల్సింది దీనికి తలకిందులు. మీటను సగమే నొక్కి చూడండి. సగం వేగంలో ఆగకుండా ఎక్కుతూ, పూర్తిగా నొక్కితే ఆగిపోతోందంటే గాలి దారి ఇరుకైందని దాదాపు తేలిపోయినట్టే. రెండు వైపులా మూతలున్న బండి అయితే రెండో వైపు మూత కూడా తీసి పోయించండి. ఒక్కసారిగా తేడా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

రేకు పీకేయమన్నదాంట్లోనే ఆ రవ్వంత నిజం. కొన్ని బళ్లలో మూతి లోపల దొంగతనం ఆపడానికో, తప్పు నాజిల్ పెట్టకుండానో ఒక అడ్డు ఉంటుంది. అది సగంలో ఇరుక్కుంటే డీజిల్ దానికి కొట్టుకుని వెనక్కి చిందుతుంది. నాజిల్‌ను పక్కకు తిప్పి, రెండు వేళ్లంత వెనక్కి లాగి పోస్తే సర్దుకుంటోందా చూడండి. అవునంటే అనుమానం ఆ అడ్డు మీద. స్క్రూలతో వస్తే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి విరగ్గొడితే ఆ ముక్క ట్యాంకులో పడుతుంది, దాన్ని తీయడం మీ తరం కాదు.

ఇక "పాత బండి అంతే." ఇదే బండి కొత్తలో నాజిల్ పూర్తిగా నొక్కితే బాగానే తాగింది కదా? ట్యాంకు ఆకారం మారలేదు, మారింది రబ్బరు. మా బండికి ఇదే వచ్చినప్పుడు ఒక మెకానిక్ ట్యాంకు దించి కడగాలన్నాడు. నేను ఒప్పుకోక టార్చి పట్టుకుని కిందికి దూరాను. గాలి గొట్టాన్ని పట్టుకునే క్లిప్పు తుప్పుపట్టి తెగిపోయి, గొట్టం ఉయ్యాలలా వేలాడుతోంది. ఆ వంపులో డీజిల్ నిలిచి ఉంది. సింకు కింద వంపు పైపులో నీళ్లు నిలిచి వాసనను ఎలా ఆపుతాయో, ఇక్కడ డీజిల్ గాలిని అలా ఆపింది. గొట్టాన్ని ఎత్తి ట్యాగుతో కట్టాను, మరుసటిసారి డీజిల్ గటగటా దిగింది. తర్వాత రెండు గొట్టాలూ మార్చినప్పుడు పాత లావు గొట్టాన్ని కోసి చూస్తే లోపలి పొర బుడగలా ఉబ్బి సగం దారి మూసేసి ఉంది. బయటికి చూస్తే మచ్చ లేదు! బయోడీజిల్ కలిసిన ఇంధనం పాత రబ్బరును ఇలా ఉబ్బించగలదు. గాలి గొట్టం కొనలో పురుగులు గూడు కట్టడమూ ఉంది.

మీరూ చూడాలనుకుంటే ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు చూడండి. 300 లీటర్ల డీజిల్ బరువు 250 కిలోలు, ఆ కింద పడుకుని గొట్టాలు ఊడదీయడం తెలివైన పని కాదు. గాలి గొట్టం ట్యాంకు నుంచి మూతి దాకా ఎక్కడా కిందికి వంగకుండా ఎగబాకుతూ పోవాలి. ఊదాలంటే రెండు కొసలూ విప్పి, తక్కువ పీడనంతో గొట్టాన్ని మాత్రమే ఊదండి, ట్యాంకులోకి కాదు. కొత్త గొట్టం మీద ఇంధనానికి పనికొస్తుందని రాసి ఉండాలి. రేడియేటర్ గొట్టం చవకగా దొరికిందని వేస్తే డీజిల్‌కు అది ఉబ్బి మళ్లీ మొదటికే వస్తారు.

బాగైందన్న సంతోషంలో మూతి అంచు దాకా నింపకండి. 300 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 లీటర్లు పెరుగుతుంది, ఆ చోటు ట్యాంకులోనే మిగలాలి. నాజిల్ మొదటిసారి టప్పుమనగానే ఆపేయండి. ఇప్పుడు అది నిజమే చెబుతోంది.