తలకు దెబ్బ తగిలితే ఆస్పిరిన్ వేయమంటున్న ఆ మెసేజ్ గురించి

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి. చివరికి మా ఆడపడుచు కూడా పంపి, "వదినా, నీ డ్యూటీకి పనికొస్తుంది చూడు" అని రాసింది. పన్నెండేళ్లుగా న్యూరోసర్జరీ వార్డులో నర్సుగా చేస్తున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ చెప్పేది ఇదీ. తలకు దెబ్బ తగిలితే మెదడులో రక్తం గడ్డకడుతుంది, కాబట్టి వెంటనే ఆస్పిరిన్ నమిలించండి. పది వేళ్ల కొసలూ సూదితో గుచ్చండి. వెల్లుల్లి, తేనె తినిపించండి. రాత్రంతా నిద్రపోనివ్వకండి. లేచి మామూలుగా మాట్లాడితే స్కాన్ దండగ. మంచాన పడినవాళ్లకు కాళ్లలోనూ గడ్డలు కడతాయి, పిక్కలు గట్టిగా పిసకండి.

వేళ్లు గుచ్చితే వేళ్లకు నొప్పి తప్ప ఏమీ జరగదు. వెల్లుల్లి పుర్రె లోపలి గడ్డను ముట్టుకోదు. ఈ రెంటికీ ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నాకు వణుకు పుట్టించింది ఆస్పిరిన్ మాట. "క్లాట్" అనే ఒక్క మాటతో మనం రెండు వేరు వేరు సంగతులు చెప్పుకుంటున్నాం. గుండెపోటులో రక్తనాళం లోపలే గడ్డ కట్టి దారి మూసుకుపోతుంది. అక్కడ ఆస్పిరిన్ ప్రాణం కాపాడుతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు జరిగేది వేరు. నాళం చిట్లి, రక్తం బయటికి కారి, పుర్రెకూ మెదడుకూ మధ్యనో మెదడులోనో పేరుకుని గడ్డవుతుంది. పుర్రె సాగదు కదా, ఆ గడ్డ పెరిగేకొద్దీ మెదడు నలిగిపోతుంది. చిట్లినచోట ముందుగా అడ్డుకట్ట వేసేవి ప్లేట్‌లెట్లు. ఆస్పిరిన్ వాటినే పనిచేయనివ్వదు. పైగా ఆ ప్లేట్‌లెట్లు బతికున్న 7 నుంచి 10 రోజులూ ఆ ప్రభావం పోదు. అంటే ఆ ఒక్క మాత్రతో కారే రక్తాన్ని ఇంకా కారమని వదిలేస్తున్నారు! తలగాయాల మీద 12 వేల మందికి పైగా రోగులతో జరిగిన క్రాష్-3 పరిశోధన 2019లో వచ్చింది. అందులో పరీక్షించిన మందు ట్రనెక్సామిక్ యాసిడ్. అది గడ్డను కరిగించేది కాదు, కట్టిన గడ్డ కరిగిపోకుండా నిలిపేది. 3 గంటల్లోపు ఇస్తే, దెబ్బ మరీ తీవ్రంగా లేనివాళ్లలో మరణాలు కొంత తగ్గాయి. మెసేజ్ చెప్పినదానికి ఇది పూర్తిగా రివర్స్.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఈ గందరగోళంలో మా తప్పు కూడా ఉంది. ఐసీయూ తలుపు దగ్గర "క్లాట్ ఉందండీ" అని ఒక్క ముక్క చెప్పి లోపలికి వెళ్లిపోయేది మేమే. ఒక రాత్రి ఒకాయన నా కొంగు పట్టుకున్నంత పని చేశాడు. "సిస్టర్, మా తమ్ముడికి క్లాట్ కరిగే ఇంజక్షన్ ఇంకా ఇవ్వలేదేంటి? డబ్బు ఎంతైనా తెస్తాం" అని ఏడ్చాడు. ఆ ఇంజక్షన్ ఇస్తే తమ్ముడు పోతాడని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇక "మాట్లాడితే భయం లేదు" అన్నమాట. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. బాగానే ఉన్నానంది, వచ్చిన అంబులెన్స్‌ను వెనక్కి పంపారు. కాసేపటికి తలనొప్పి మొదలైంది. 18న చనిపోయింది. పుర్రెకూ దాని లోపలి పొరకూ మధ్య రక్తం చేరడమే కారణం. ఆ మధ్యలో మనిషి తెలివిగా, మామూలుగా ఉండే గంటలే మోసం చేస్తాయి. పెద్దవాళ్లలో అవి గంటలే కాదు, వారాలు కూడా కావచ్చు. మా వార్డుకు వచ్చిన ఒక తాతగారు బాత్‌రూమ్‌లో జారి మూడు వారాలైంది. ఇంట్లోవాళ్లు ఆ సంగతే మర్చిపోయారు. ఎడమ కాలి చెప్పు నడుస్తుంటే ఊడిపోతోంది, ఊడినట్టు ఆయనకు తెలియట్లేదు. మనవరాలు అది చూసి తీసుకొచ్చింది. పుర్రెకు రెండు రంధ్రాలు పెడితే ఇంజన్ ఆయిల్‌లాంటి నల్లటి రక్తం బయటికొచ్చింది. నాలుగో రోజు ఆ చెప్పులతోనే నడిచి వెళ్లారు.

స్కాన్ బాగుండి డాక్టరు ఇంటికి పంపితే నిద్రపోవచ్చు. ఒక మనిషి మాత్రం పక్కనుండాలి. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే వెనక్కి తీసుకురండి.

కాళ్లలో గడ్డలు కడతాయన్నది మాత్రం మెసేజ్‌లో నిజమే. కదలకుండా పడుకున్న తలగాయం రోగికి కాలి సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది, అది ఊపిరితిత్తులకు ఎగిరితే ప్రాణమే పోతుంది. అందుకే గాలితో కాళ్లను నొక్కుతూ వదులుతూ ఉండే తొడుగులు వేస్తాం. మళ్లీ స్కాన్ తీసి, తలలో రక్తం ఇంకా పెరగట్లేదని తేలాకే డాక్టర్లు రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మందు తక్కువ డోసులో మొదలుపెడతారు. రోజులు, గంటలు లెక్క చూసి చేసే పని అది. వాచిన పిక్కను పిసికితే ఆ గడ్డ కదిలే ప్రమాదం ఉంది. ఒక కాలు వాస్తే ముట్టుకోకుండా మమ్మల్ని పిలవండి.

ఇంట్లో పెద్దవాళ్లు రక్తం పల్చబడే మాత్రలు వాడుతూ తలకు దెబ్బ తగిలించుకుంటే, బాగానే ఉన్నారనిపించినా స్కాన్‌కు తీసుకురండి. వచ్చేటప్పుడు ఆ మాత్రల షీటు చేత్తో పట్టుకురండి. అర్ధరాత్రి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.