తాళం వంతెనకు, చెవి నదికి

పారిస్‌లో సెన్ నది మీద ఉన్న పాన్ దే జార్ అనే కాలినడక వంతెన రెయిలింగ్‌లో కొంత భాగం 2014 జూన్‌లో కూలిపోయింది. దాన్ని ఏ వాహనమూ ఢీకొట్టలేదు, నదికి వరదా రాలేదు. జంటలు తమ పేర్లు రాసి తగిలించిపోయిన తాళాల బరువును ఇనుప జాలీ మోయలేకపోయింది, అంతే. మరుసటి ఏడాది జూన్ 1న నగరపాలక సంస్థ ఆ జాలీలను ఊడదీయించడం మొదలుపెట్టింది. తీసిన తాళాలు పది లక్షలకు దగ్గరగా ఉంటాయనీ, వాటి బరువు 45 టన్నులనీ అంచనా వేశారు. తిలాపాపం తలా పిడికెడు అన్న మాటకు ఇంతకన్నా తూకం వేసి చూపగల ఉదాహరణ దొరకడం కష్టం. అన్ని లక్షల మందిలో ఏ ఒక్కరి తాళమూ వంతెనకు హాని చేసేంత బరువైనది కాదు.

ఇది తరతరాల ఆచారమని చాలామంది అనుకుంటారు. నిజానికి పారిస్‌లో ఇది కనిపించడం మొదలైనది 2008 ప్రాంతంలోనే. మూలకథగా చెప్పుకునేది మాత్రం సెర్బియాలోని వృన్యాచ్కా బాన్యా పట్టణానిది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నాదా అనే ఉపాధ్యాయినికి మాట ఇచ్చి యుద్ధానికి వెళ్లిన రెల్యా అనే సైనికాధికారి, గ్రీసులో మరొకరిని ప్రేమించి తిరిగి రాలేదట. నాదా ఆ బెంగతోనే కన్నుమూసిందని, తమకూ అదే గతి పట్టకూడదనుకున్న ఊరి యువతులు వాళ్లిద్దరూ కలుసుకున్న వంతెనకే పేర్లు రాసిన తాళాలు వేశారని చెబుతారు. మరుగున పడిన ఈ కథను కవయిత్రి దేసాంకా మాక్సిమోవిచ్ తన కవితతో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. గమనించవలసిందేమంటే, ఈ కథలో తాళం వేయించినది ప్రేమ మీద నమ్మకం కాదు, మాట తప్పుతారేమోనన్న భయం. ఆ భయం దారిలో ఎక్కడో రాలిపోయి, ఫొటోకు పనికొచ్చే వేడుక మాత్రం మిగిలింది.

ఇది పశ్చిమ ఐరోపాలో పాకడానికి ఒక ఇటాలియన్ నవల పెద్ద కారణం. ఫెదెరికో మోచ్చా 2006లో రాసిన ఆ నవలలోని జంట రోమ్‌లో రెండు వేల ఏళ్లు దాటిన మిల్వియో వంతెన మీది దీపస్తంభానికి గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవిని నదిలో విసురుతుంది. పాఠకులు దాన్నే అనుసరించారు. 2007లో ఆ స్తంభం దెబ్బతింది. కల్పిత పాత్రల పని అసలు ఇనుమును వంచిందన్నమాట. చివరికి 2012లో నగర యంత్రాంగం అక్కడి తాళాలను తొలగించింది.

ఈ తంతులో తాళం గురించి జరిగిన చర్చలో పదోవంతు కూడా చెవి గురించి జరగలేదు. తాళం కనబడుతుంది కాబట్టి తీసేవారు ఉంటారు, నది అడుగున తుప్పుపట్టే చెవిని ఎవరు తీస్తారు? అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు అధికారులు ఈ విషయంలో స్పష్టంగానే హెచ్చరించారు. కంచెలకు తాళాలు వేసి లోయలోకి చెవులు విసిరితే, మెరిసే వస్తువుల పట్ల ఆసక్తి చూపే కాండోర్ రాబందులు వాటిని మింగే ప్రమాదం ఉంది. అరుదైన ఆ పక్షుల కడుపు లోహాన్ని అరిగించుకోలేదు.

నగరాలు దీనికి తలో రకంగా స్పందించాయి. న్యూయార్క్‌లో 2016లో తాళాల బరువుకు బ్రూక్లిన్ వంతెన మీది దీపాల తీగ ఒకటి తెగిన తరువాత, తాళం వేస్తే 100 డాలర్ల జరిమానా అని బోర్డులు పెట్టారు. ఒక్కరోజు ఉండి మళ్లీ రాని పర్యాటకుడి మీద జరిమానా ఎంతవరకు పనిచేస్తుందో నాకు అనుమానమే. మాస్కోలో లుజ్కోవ్ వంతెన మీద లోహపు చెట్లు నిలబెట్టారు. తాళాలు వాటికే వేయాలి. జర్మనీలోని కొలోన్‌లో రైల్వే సంస్థ మొదట తాళాలను తొలగిస్తామని చెప్పి, జనం అభ్యంతరంతో వెనక్కి తగ్గింది. రోజంతా రైళ్లను మోసే హోహెన్‌జోలెర్న్ వంతెనకు కంచె మీది తాళాలు పెద్ద లెక్కలోకి రావు. కాలినడక కోసం కట్టిన సన్నని వంతెనకు అవే ప్రాణాంతకం. కాబట్టి దీన్ని ప్రేమకూ చట్టానికీ మధ్య తగువుగా చూడటం కన్నా, ఏ కట్టడం ఎంత మోయగలదన్న ఇంజినీరింగ్ ప్రశ్నగా చూడటమే మేలు. ఆ లెక్కన నాకు అన్నిటికన్నా నిజాయితీగా కనిపించేది పారిస్ చేసిన పని. అది ఉపదేశాలతో ఆగిపోకుండా, కొక్కెం పట్టేందుకు చోటే లేకుండా జాలీల స్థానంలో గాజు పలకలు బిగించింది.

తీసిన తాళాలలో కొన్నింటిని 2017 మేలో వేలం వేసి, వచ్చిన సుమారు 2,50,000 యూరోలను శరణార్థులకు సాయం చేసే సంస్థలకు ఇచ్చారు. కొన్నవారు తమకు ముక్కూమొహం తెలియని జంటల పేర్లను ఇళ్లకు తీసుకుపోయారు. వాటి చెవులు మాత్రం సెన్ నది అడుగునే ఉన్నాయి.