జపాన్ లోయల్లో మన డ్రైవరు హక్కులు గల్లంతు

పరాయి దేశాల్లో తెలుగువాడికి జరిగే అన్యాయాల గురించి ఎందరో రాశారు. జపాన్ కొండరోడ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. షికోకు ద్వీపంలో, తోకుషిమా జిల్లాలో ఇయా అనే లోయ ఉంది. ఏప్రిల్‌లో చెర్రీలు పూస్తాయి, కొండలు చిగురు తొడుగుతాయి. అంతవరకూ అభ్యంతరం లేదు.

మోసం మన ఆర్టీఓ ఆఫీసులోనే మొదలవుతుంది. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇక్కడిచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కడ ఏడాదిపాటు చెల్లుతుంది. బండి ఎడమపక్కనే నడపాలి, స్టీరింగ్ కుడివైపే. హారన్ మీద చెయ్యి పడేదాకా అంతా మన ఊరే అనిపిస్తుంది. ప్రమాదం తప్పించడానికో, హారన్ కొట్టమని బోర్డు పెట్టిన మలుపులోనో తప్ప మోగిస్తే 3,000 యెన్ల జరిమానా. ముందువాణ్ణి తొందరపెట్టడానికి, తెలిసినవాణ్ణి పలకరించడానికి, ఏమీ తోచకా కొట్టే హారన్ల మాటేమిటి? దారి ఇచ్చినవాడికి కృతజ్ఞతగా నాలుగు ఇండికేటర్లూ రెండుసార్లు మినుక్కుమనిపిస్తారట. ఆ మీట నో పార్కింగ్‌లో బండి పెట్టుకోవడానికి కదండీ!

రైల్వే గేటు తెరిచే ఉన్నా, కనుచూపుమేర రైలు లేకపోయినా, గీత ముందు చక్రాలు పూర్తిగా ఆగాలి. ఆగకపోతే 9,000 యెన్లు. పడుతున్న గేటు కింద నుంచి బైకు వంచి దూర్చే మన విద్యకు అక్కడ గుర్తింపే లేదు.

అసలు కుట్ర అంకెల్లో ఉంది. యోషినో నది పక్కన సాగే జాతీయ రహదారి నంబరు 32. దాన్నుంచి చీలి లోయ అంచున పాకే పాత ఇయా రోడ్డు నంబరు కూడా 32, కాకపోతే అది జిల్లా రోడ్డు. రెండు బోర్డులూ నీలమే. తలకిందులైన త్రికోణమైతే జాతీయ రహదారి, ఆరు పలకలైతే జిల్లా రోడ్డు. జీపీఎస్ దగ్గర దారి అంటూ రెండోదాంట్లోకి తోస్తుంది. అక్కడ చాలాచోట్ల ఒక్క బండికే చోటు. ఓబోకె అనే చోటు దాకా పెద్దరోడ్డు మీదే పోయి 45వ నంబరు జిల్లా రోడ్డు పట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

అయినా పాత రోడ్డే కావాలంటే కేయి అనే చిన్నరకం కారు అద్దెకు తీసుకోండి. 660 సీసీ ఇంజను, వెడల్పు 1.48 మీటర్లు. మన ఆల్టోకి పుట్టిల్లు ఈ తరగతే. మలుపులో గుండ్రటి అద్దం ఉంటుంది, అందులో ఎదుటి బండి కనబడితే రోడ్డు వెడల్పైన చోటే ఆగిపోవాలి. ఎదురుపడ్డాక వెడల్పు ఎవరికి దగ్గరైతే వాళ్ళే వెనక్కి నడపాలి. మన దగ్గరైతే దిగి, తలుపు వేసి, 'నువ్వెవరో తెలుసా' అన్నాక గానీ రివర్సు గేరు పడదు. అక్కడివాడు తల వంచి చల్లగా వెనక్కి పోతాడు. గొడవకు తోడు దొరకనివ్వని మర్యాద మర్యాదేనా? దిగుడులో గేరు తగ్గించండి. బ్రేకు మీదే కాలు పెట్టుకుంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

దారి పక్క బల్లమీద కూరగాయలు, ఏప్రిల్‌లోనైతే అరకు సంతలో దొరికేలాంటి వెదురు కొమ్ములు (కూర వండుకునే లేత మొలకలు), పక్కన డబ్బుల డబ్బా. అమ్మేవాడుండడు. బేరం ఎవరితో ఆడాలి? 100 యెన్ల నాణేలు దగ్గరుంచుకోండి, డబ్బా చిల్లర ఇవ్వదు.

439వ రహదారి మీద నాగోరో అనే పల్లె ఉంది. దారి అడుగుదామని అద్దం దించితే, బస్టాపులో కూర్చున్నది గుడ్డబొమ్మ! పొలంలోనూ బొమ్మలే. 2012లో మూతపడ్డ బడిలో పిల్లలూ, పంతులూ బొమ్మలే. ఊళ్ళో మనుషులకన్నా అవే ఎక్కువ. కుర్రాళ్ళు పట్నాలకు పోయారు. ట్రాఫిక్ రూల్సు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

పల్లె బంకులు చీకటి పడితే మూసేస్తారు, ఆదివారం కొన్ని తెరవనే తెరవరు. సగం ట్యాంకు ఉండగానే నింపుకోండి. ఎర్ర గొట్టం మామూలు పెట్రోలు, పసుపుది ఖరీదైన పెట్రోలు, పచ్చది డీజిల్. ఏప్రిల్ చివర్నుంచి మే 5 దాకా వరస సెలవులు, ఆ వారం వెళ్ళకండి. కిలోమీటర్ల కొద్దీ కార్ల బారు ఉంటుంది, ఒక్కడూ పక్క లైనులోంచి దూరడు.